మేం చూసేసరికి లేచి నడిచేవాడు

ఇప్పటి కుర్ర డాక్టర్లు మా ఇంటికి వచ్చినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వేస్తారు. "మీ రోజుల్లో పెద్ద డాక్టర్ సలహా కావాలంటే ఏం చేసేవారు మేడమ్?" అని. ఉత్తరం రాసేవాళ్లం అంటే, పావురం కాలికి చీటీ కట్టి ఎగరేసేవాళ్లం అన్నట్టు చూస్తారు. నేను చెప్పేది రాజుల కాలం సంగతి కాదర్రా. అప్పటికి కంప్యూటర్లున్నాయి. రెండు వేల సంవత్సరం పుట్టగానే అవన్నీ ఒక్కసారి మొరాయిస్తాయన్న భయమూ ఉంది. ఆ భయం పుణ్యమా అని మన కుర్రాళ్లు విమానాల నిండా వచ్చి మెల్‌బోర్న్‌లో దిగారు. డాక్టర్లం మాత్రం ఉత్తరాలే రాసుకునేవాళ్లం.

నేను క్లేటన్‌లో ఫ్యామిలీ డాక్టర్ని. గుంటూరు దగ్గర పుట్టి, అక్కడే చదివి, ఇక్కడ మళ్ళీ పరీక్షలు రాసి కుదురుకున్నదాన్ని. జబ్బు నాకు అంతుబట్టకపోతే రోగి సంగతంతా చిన్న టేపు రికార్డరులోకి చెప్పేదాన్ని. మా టైపిస్టు చెవుల్లో గొట్టాలు పెట్టుకుని విని టైపు కొట్టేది. సంతకం పెడితే తపాలాకు వెళ్లేది. కొన్ని వారాలకు స్పెషలిస్టు రోగిని చూసి, ఆయనా తన టేపులోకి చెప్పి, జవాబు పంపేవాడు. ఆ జవాబు ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. ఇంత చక్కని మనిషిని నా దగ్గరకు పంపినందుకు కృతజ్ఞతలు, అని. ఆ చక్కని మనిషి ముందు రోజే మా కౌంటరు బల్ల పిడికిలితో గుద్ది, అందర్నీ తిట్టి వెళ్లి ఉంటాడు.

మా టైపిస్టు ఫిజీ నుంచి వచ్చిన తెలుగావిడ. వాళ్ల పూర్వీకులు చెరకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్లు. ఫిజీలో గొడవలయ్యాక వీళ్ల కుటుంబం ఇటు వచ్చేసింది. ఆవిడ తెలుగు వాళ్ల అవ్వ దగ్గర విన్నంత మేరకే, మిగతాదంతా ఇంగ్లీషు. నా ఉత్తరాలు టైపు చేస్తూ వాటి మీద తీర్పులు కూడా ఇచ్చేది. "డాక్టర్, యువర్ లెటర్ ఈజ్ వెరీ నైస్. రోగం మాత్రం లేదు అందులో" అని ఒకసారి నా ముఖం మీదే అనేసింది. ఆ మాట అన్నది నేను చెప్పబోయే కుర్రాడి ఉత్తరం గురించే.

ఆ కుర్రాడిది హైదరాబాదు పాతబస్తీ. బ్యాంకుల పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాల అంకెలు సరిదిద్దే కాంట్రాక్టు మీద వచ్చాడు. మా క్లినిక్‌కు నాలుగు వీధుల అవతల మరికొందరు తెలుగు కుర్రాళ్లతో కలిసి ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. మనిషి సన్నం, కళ్లు పెద్దవి, మాట మెత్తన. మొదటిసారి వచ్చినప్పుడు కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"ఆంటీ, ఆదివారం పొద్దుగాల లేద్దామంటే కాళ్లు లేస్తలేవు. మొద్దుల్లెక్క పడున్నయ్. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. నావే కావన్నట్టు అయినయ్."

"ఇప్పుడెలా ఉన్నాయి?"

"ఇప్పుడు మంచిగనే ఉన్నయ్. నడుసుకుంటనే వచ్చిన."

పడుకోబెట్టి పరీక్షించాను. కాళ్లతో నా చేతిని తొయ్యమంటే కుర్చీతో సహా గోడకు ఆనాను. నాడి కాస్త వేగంగా ఉంది. చేతివేళ్లు సన్నగా వణికాయి. నాలుగు కిలోలు తగ్గానన్నాడు. ఓవర్‌టైము చేస్తూ, కాఫీ మీద బతుకుతూ, వేళకు తినని కుర్రాడు బరువు తగ్గక ఏమవుతాడు? కడుపునిండా తిని నిద్రపొమ్మని చెప్పి పంపాను.

రెండోసారి ఇంకా గట్టిగా వచ్చింది. ఆ ఇంట్లో కోనసీమ కుర్రాడొకడు ఉండేవాడు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, పక్కపక్క మంచాలు. అతనూ మిగతావాళ్లూ కలిసి ఇతన్ని కారులోకి మోసుకెళ్లి ఆసుపత్రిలో దించారు. ఎమర్జెన్సీలో ఎంతసేపు కూర్చోబెడతారో మీకు తెలుసు కదా. పిలుపు వచ్చేసరికి ఇతను తనంతట తానే లేచి మంచం దాకా నడిచి వెళ్లాడు. రక్తం తీశారు, అన్నీ బాగున్నాయన్నారు. మందులేమైనా వాడాడా అని అడిగారు, లేదన్నారు. ఒంట్లో నీరు తగ్గింది, నీళ్లు ఎక్కువ తాగు అని రాసి ఇంటికి పంపేశారు.

ఇక నేను నరాల స్పెషలిస్టుకు ఉత్తరం రాశాను. మా టైపిస్టు రోగం లేదని వెక్కిరించింది దాన్నే. ఆ స్పెషలిస్టు పెద్దమనిషి, మెడకు చిన్న బో టై కట్టుకునేవాడు, రోగి చెప్పేది ఓపికగా వినేవాడు. ఇతన్ని గీత మీద నడిపించాడు, మడమల మీద నిలబెట్టాడు, సూదితో గుచ్చి చూశాడు, నరాలకు కరెంటు పరీక్ష కూడా చేశాడు. జవాబు వచ్చింది. ఇంత చక్కని యువకుణ్ణి పంపినందుకు కృతజ్ఞతలు. నరాలు, కండరాలు నిర్దుష్టంగా ఉన్నాయి. ఇవి మానసిక ఒత్తిడి వల్ల వచ్చే బలహీనతలై ఉండవచ్చు. నెమ్మదిగా నచ్చజెప్పగలరు.

నచ్చజెప్పమన్నాడు కానీ ఎవరికి నచ్చజెప్పను? అప్పటికే ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. కంప్యూటర్లు కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టే రాత్రికి ఆఫీసులో ముందే రిహార్సల్స్ జరిగేవి. శనాదివారాలు పొద్దున్నే రావాలి. రెండు రిహార్సల్స్‌కు ఇతను రాలేదు. అసలు రాత్రి డ్యూటీ ఎగ్గొట్టడానికే ఈ వేషాలన్నారు ఎవరో. మేనేజరు పిలిచి మర్యాదగానే చెప్పాడట. స్పెషలిస్టు నుంచి ఉత్తరం తెచ్చుకో, జబ్బుంటే జబ్బని ఉండాలి, లేకపోతే జనవరి తర్వాత కాంట్రాక్టు పొడిగించడం కష్టం, అని. ఇతని వీసా ఆ కంపెనీకి కట్టి ఉంది. కాంట్రాక్టు పోతే పెట్టె సర్దుకోవడమే.

నేను స్పెషలిస్టు ఉత్తరం ఇతనికి చదివి వినిపించాను. తప్పించుకునే వీలు లేదు. ఆ కాగితం తీసుకుని మడతపెట్టాడు. తర్వాత అన్నాడు:

"ఆంటీ, ఒక్కమాట అడుగుత, నిజం చెప్పుండ్రి. నేను యాక్టింగ్ చేస్తున్ననా? నాకే తెల్వకుండ?"

అబద్ధాలాడే రోగులను చాలామందిని చూశాను. తమ మాట అబద్ధమేమో చెప్పమని నన్నే అడిగినవాణ్ణి అతన్నొక్కణ్ణే చూశాను. లేదని గట్టిగా చెప్పాలని ఉంది. కానీ నాకే తెలియదు. ఒక రోజు నమ్ముతాను, ఇంకో రోజు అనుమానిస్తాను. ఇంత చదివిన స్పెషలిస్టు అన్నాడంటే ఏదో ఉండే ఉంటుందనిపిస్తుంది. మళ్ళీ ఆ పెద్ద కళ్లు గుర్తొస్తే లేదనిపిస్తుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, నాకు రెండు వైపులా నుయ్యే ఉన్నట్టుంది.

నాకు చదువు చెప్పిన ప్రొఫెసరుగారు అప్పటికి రిటైరై గుంటూరులో ఉన్నారు. ఈమెయిలంటే ఆయనకు ఒళ్ళుమంట. ఆయనకు విదేశాలకు పంపే నీలం ఏరోగ్రామ్ మీద రెండు పేజీలు రాశాను. చదువుకునే రోజుల్లో ఆయన ముందు నిలబడి కేసు చెప్పాలంటే చెమటలు పట్టేవి. ముప్పై ఏళ్ల ప్రాక్టీసు తర్వాత కూడా ఆ ఉత్తరం రాస్తుంటే చెమటలే పట్టాయి.

జవాబు పది పన్నెండు రోజులకు వచ్చింది. కుశల ప్రశ్నల్లేవు, ఆశీస్సులు చివర్లో ఒక్క ముక్క. "నీ ఉత్తరం చదివాను. అందులో ఉన్నది బాగున్న మనిషి వర్ణన. మీ స్పెషలిస్టు చూసిందీ బాగున్న మనిషినే. మీరిద్దరూ ఆరోగ్యవంతుడి మీద ఉత్తరాలు రాసుకుంటున్నారు, ఇప్పుడు నన్ను కూడా అందులోకి దింపావు. పడిపోయి ఉన్నప్పుడు వాణ్ణి ఏ డాక్టరైనా చూశాడా? చూడకపోతే చూసిన తర్వాత నాకు రాయి."

అంతే ఉత్తరం. ఏ జబ్బో చెప్పలేదు. కోపం వచ్చింది, సిగ్గూ వచ్చింది. అయినా మాట నిజమేనని ఆ కుర్రాళ్లను పిలిచి చెప్పాను. ఈసారి పడిపోతే ఆసుపత్రికి కాదు, ముందు నాకు ఫోన్ చెయ్యండి, నేనే వస్తాను, అని.

వాళ్లు చెయ్యలేదు. అది రంజాన్ నెల. ఆ ఏడు రంజాన్ డిసెంబరులో వచ్చింది. ఇక్కడ డిసెంబరంటే నడి ఎండాకాలం, పొద్దు ఎంతకీ కుంకదు. పగలంతా మంచినీళ్లు కూడా లేని ఉపవాసం, పైగా ఆఫీసు. ఆ నెలలో రెండుసార్లు వచ్చి పోయిందట. "మిమ్మల్ని లేపడం ఎందుకని ఊరుకున్నామండి, గంటలో లేచి కూర్చున్నాడు కదండి" అని తర్వాత కోనసీమ కుర్రాడు చెప్పాడు. నాకు తల కొట్టుకోవాలనిపించింది.

ఇక లోకమంతా ఊపిరి బిగబట్టిన ఆ రాత్రి ఇతను డ్యూటీకి వెళ్లాడు. ఎక్కడ కాళ్లు పడిపోతాయోనన్న భయంతో ఆకలి లేక, ఉపవాసం విడిచాక రెండు ఖర్జూరాలు, కాస్త సూపు తప్ప ఏమీ తినలేదట. ఆ రాత్రి ఏమీ జరగలేదు, కంప్యూటర్లకూ జరగలేదు, ఇతనికీ జరగలేదు. మేనేజరు భుజం తట్టాడు. తట్టి, "చూశావా, తల్చుకుంటే ఉండగలవు" అన్నాడట. ఆ మాటతో ఇతను పూర్తిగా కుంగిపోయాడు. డ్యూటీకి రాకపోతే నటన, వస్తే నటన ఋజువైనట్టు. నా దగ్గరకు వచ్చి నవ్వబోయి నవ్వలేకపోయాడు.

"ఆంటీ, ఇంక ఉత్తరం గిత్తరం వద్దు. మనసుల బీమారీ ఉందనే రాసియ్యుండ్రి. ఒప్పుకుంట. పని ఉంటదో పోతదో పోనీ. కనీసం ఏంది అని తెలుస్తది."

ఆ కాగితం నేను రాయలేదు. రాయనని కూడా చెప్పలేదు. పండగ అయ్యాక చూద్దామని వాయిదా వేశాను.

పండగ శనివారం వచ్చింది. నన్ను భోజనానికి పిలిచారు. చిన్న ఇల్లు, నేల మీద దుప్పట్లు పరిచి వరసగా కూర్చోబెట్టారు. రోగే స్వయంగా బిర్యానీ వండాడు, వాళ్లమ్మ ఫోనులో చెప్తుంటే నేర్చుకున్నాడట. మిగతా కుర్రాళ్లు హిందువులైనా పొద్దున్నుంచి ఉల్లిపాయలు కోసి కళ్లు వాచిపోయి ఉన్నారు. డబల్ కా మీఠా, షీర్ ఖుర్మా, అదికాక ఎవరో తెచ్చిన జాంగ్రీలు. నెల రోజుల ఉపవాసం తర్వాత ఇతను తిన్న తిండి చూసి నాకు ముచ్చటేసింది. ఇంకాస్త వడ్డించమని నేనే అన్నాను. తిన్నాక కళ్లు మూతలు పడుతున్నాయని లోపలి గదిలో నడుం వాల్చాడు.

మేం పెరట్లో నీడకు కూర్చుని టీ తాగుతూ కబుర్లలో పడ్డాం. సాయంత్రం కావస్తుంటే అతన్ని లేపడానికి కోనసీమ కుర్రాడు లోపలికి వెళ్లాడు. వెంటనే తిరిగొచ్చి, కంగారు లేకుండా, "మళ్ళీ పడ్డాడండి" అని చెప్పి వంటగదిలోకి పోయాడు.

నేను గదిలోకి పరుగెత్తాను. ఇతను వెల్లకిలా పడున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూసి సిగ్గుపడ్డాడు.

"మాఫ్ చేయుండ్రి ఆంటీ. పండగ పూట గూడ..."

"అది వదిలెయ్యి. కాలు ఎత్తు."

ముఖం ఎర్రబడింది. తొడ కండరాలు కదల్లేదు. చేతులు ఎత్తమంటే మోచేతుల దాకా ఎత్తి దించేశాడు. నాడి పరుగులు తీస్తోంది. మోకాలి మీద కొట్టి చూసే చిన్న సుత్తి నా దగ్గర లేదు. వంటింట్లోంచి స్టీలు గరిటె తెప్పించి, అతని మోకాలి కింద చేయి పెట్టి ఎత్తి, మోకాలి చిప్ప కింద దాని కాడతో కొట్టాను. కాలు ఎగరలేదు. రెండో కాలు కూడా అంతే. గరిటె తప్పేమోనని గుమ్మంలో నిల్చున్న కుర్రాణ్ణి కూర్చోబెట్టి కొట్టాను. వాడి కాలు నన్ను తన్నినంత పని చేసింది. మళ్ళీ ఇతని మీద కొట్టాను. లేదు.

ఇది మీకు తెలుసు, అయినా చెప్తున్నాను. మనిషి కాలు లేవట్లేదని నటించగలడు. మోకాలి కింద కొట్టినప్పుడు ఎగిరే కాలును ఎగరకుండా మెత్తగా వదిలేసి ఉంచడం మాత్రం ఎంతటి నటుడికైనా చేతకాదు. అన్ని నెలల తర్వాత మొదటిసారి నాకు ఆ జబ్బు కళ్లకు కనపడింది. ఏమిటో మాత్రం ఇంకా తెలియదు.

అప్పుడు కోనసీమ కుర్రాడు లోపలికి వచ్చాడు. ఒక చేతిలో చెక్కిన లేత కొబ్బరి బొండాం, ఇంకో చేతిలో పెద్ద గ్లాసు. వెనక ఇంకొకడు మరో రెండు బొండాలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటిది?"

"కొబ్బరినీళ్లండి. స్ప్రింగ్‌వేల్ మార్కెట్లో దొరుకుతాయి, ఎప్పుడూ ఫ్రిజ్‌లో ఉంచుతాం. వీడు పడ్డప్పుడల్లా మూడేసి పట్టిస్తామండి. గంటో గంటన్నరో, లేచి కూర్చుంటాడు."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీనండి."

"ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు కూడానా?"

"కారులో కూడా పట్టుకెళ్లామండి."

"మరి అక్కడ మందులేమైనా ఇచ్చారా అని అడిగితే లేదన్నారేంటయ్యా!"

వాడు నన్ను వింతగా చూశాడు. "ఇది మందేంటండి? కొబ్బరినీళ్లు కదండి."

నిజమే మరి. కోనసీమలో అది మందు కాదు. ఇంటికొచ్చినవాడికి ఇచ్చే మర్యాద, నీరసపడ్డవాడికి ఇచ్చే ధైర్యం. నేనైనా అదే ఇచ్చేదాన్ని, ఆ సంగతి ఏ డాక్టరుకూ చెప్పేదాన్ని కాదు. నేను ఆ గ్లాసు వైపు చూస్తూ నిలబడిపోయాను. కొబ్బరినీళ్లలో దండిగా ఉండేది పొటాషియం. రక్తంలో అది బాగా పడిపోతే కండరాలు చచ్చుబడతాయి. ఈ నీళ్లు తాగిస్తే మెల్లగా లేస్తాయి. లేచాక రక్తం తీస్తే అంతా బాగానే కనపడుతుంది. అన్నం, మిఠాయి కడుపునిండా తిని పడుకుంటే అది మళ్ళీ పడిపోతుంది. నాడి వేగం, వణుకు, బరువు తగ్గడం, అన్నీ ఒక్కొక్కటిగా ఎదురొచ్చి నిలబడ్డాయి. అయినా ఇదంతా నా ఊహే కదా. ఇంతవరకూ ఊహించిన ప్రతివాళ్లూ తప్పే ఊహించారు.

వాడు ఇతని తల ఎత్తి గ్లాసు నోటికి పెట్టబోయాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు. ఇవ్వకు. ఎవరైనా అంబులెన్సుకు ఫోన్ చెయ్యండి."

"అదేంటండి! పడిపోయిన మనిషికి గుక్కెడు నీళ్లు ఇవ్వద్దంటారా?"

"రక్తం తీసేదాకా వద్దు."

"మీరసలు డాక్టరేనాండి? వాడు చూడండి ఎలా అయిపోయాడో!"

పడుకున్నవాడు కూడా, "ఇయ్యుండ్రి ఆంటీ, ప్లీజ్. తాగితే తగ్గుతది" అన్నాడు.

ఈ మాట నేను మీకు సులువుగా చెప్తున్నాను కానీ ఆ క్షణాన అది అంత సులువు కాదు. నా ఊహ నిజమైతే ఆ పొటాషియం పడిపోయి ఉన్నప్పుడు గుండె కూడా గాడి తప్పవచ్చు. నేను ఆపుతున్నది అతనికి మంచి చేసేదాన్నే. తాగిస్తే లేస్తాడు, లేస్తే మళ్ళీ అందరికీ ఆరోగ్యవంతుడే కనపడతాడు, సోమవారం నేను మనసు జబ్బని రాసివ్వాలి. తాగించకపోతే, దారిలో ఏమైనా అయితే, ఆ గ్లాసు నా చేత్తోనే ఆపినట్టు. అతని మణికట్టు మీద వేళ్లు పెట్టి కూర్చున్నాను. నాడి ఒక్కసారి తడబడితే చాలు, తాగించేద్దామనుకున్నాను. ఇంకో చేత్తో కోనసీమ కుర్రాడి చొక్కా పట్టుకునే ఉన్నాను. వాడు ఏడుస్తున్నాడు, ఏడుస్తూనే నన్ను తిడుతున్నాడు.

"బాబూ, నిన్ను ఒక అరగంట ఓర్చుకోమంటున్నాను. నీది నిజమో కాదో తేలాలంటే ఇదొక్కటే దారి" అన్నాను ఇతనితో.

ఇతను నన్ను చూసి, తర్వాత స్నేహితుణ్ణి చూశాడు. "వదిలెయ్‌ రా. ఉండనీ" అన్నాడు.

అంబులెన్సు వచ్చింది. గుండె రేఖలు చూసే యంత్రం తగిలించిన మనిషి, అప్పటిదాకా జోకులేస్తున్నవాడు, ఒక్కసారి మాట మానేశాడు. నన్ను ఎక్కమని, తలుపులు మూసి, సైరన్ వేశాడు. ఈసారి ఎమర్జెన్సీలో ఎవరూ కూర్చోబెట్టలేదు. రక్తం తీసిన కాసేపటికి డ్యూటీలో ఉన్న అమ్మాయి రిపోర్టు పట్టుకుని దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. నాకు పొటాషియం అంకె చూపించింది. ఆ అంకె ఉన్న మనిషి బతికి ఉండడమే విశేషం అన్నట్టుంది ఆమె ముఖం. సెలైన్‌లో పొటాషియం ఎక్కించారు. థైరాయిడ్ పరీక్షకు కూడా పంపమన్నాను. అది మామూలు కంటే చాలా ఎక్కువగా ఉందని మర్నాడు తేలింది. మన ఆసియా మగవాళ్లలో థైరాయిడ్ ఎక్కువైతే అరుదుగా ఇలా పొటాషియం పడిపోయి కాళ్లు చచ్చుబడతాయి. ఇప్పుడు మీరు పుస్తకం తెరవకుండానే చెప్తారు. అప్పుడు నేను పుస్తకంలో చదివి ఉన్నాను, మనిషిలో చూడలేదు.

కోనసీమ కుర్రాడు కర్టెన్ పక్కన నిలబడి ఉన్నాడు. "అయితే ఇన్నాళ్లూ దొరక్కుండా చేసింది నేనేనాండి?" అని అడిగాడు.

"దొరక్కుండా చేసింది నువ్వే. బహుశా బతికించిందీ నువ్వే" అన్నాను. అందులో ఏది ఎక్కువో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

చీకటి పడకముందే ఇతని కాళ్లలో కదలిక మొదలైంది. ముందు బొటనవేలు, తర్వాత పాదం. నేను మంచం పక్కనే కూర్చున్నాను.

"ఆంటీ, అయితే ఇది అసలు బీమారేనా?"

"అసలుదే."

"మనసులది కాదా?"

"కాదు. రక్తంలోది. రాసిస్తాను, అందరికీ రాసిస్తాను."

ఇతను స్నేహితుడి వైపు తిరిగాడు. "విన్నావ్‌ రా? నాకు నిజంగనే బీమారి ఉందంట!"

వాడు కళ్లు తుడుచుకుంటూ, "కంగ్రాట్స్ రా" అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. నర్సు వచ్చి శుభవార్తా అని అడిగింది. అవునన్నాను. ఎలా చెప్పాలో తెలియలేదు మరి.

తర్వాత ఉత్తరాల పని పడింది. జనవరిలో ఈ దేశంలో డాక్టరనే ప్రాణి దొరకదు, అందరూ సముద్రం ఒడ్డునే. స్పెషలిస్టుకు రాసిన ఉత్తరానికి నెల తర్వాత జవాబు వచ్చింది. కృతజ్ఞతలతో మొదలుపెట్టి, తన నిర్ధారణ తప్పని రెండో వాక్యంలోనే ఒప్పుకున్నాడు, ఆ యువకుడికి క్షమాపణ స్వయంగా చెప్పుకోవాలని ఉంది పంపగలరా అని ముగించాడు. మా టైపిస్టు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, "దిస్ వన్ హాజ్ ఎవ్రీథింగ్" అంది. గుంటూరు నుంచి కూడా రెండో ఉత్తరం వచ్చింది. నేను పండగ సంగతి రాసేలోపే ఆయన పోస్టు చేసినది. బాగా ఆలోచించాననీ, వాడు కేసరిపప్పు తింటున్నాడేమో, కాళ్లు అందుకే పడిపోతున్నాయేమో వెంటనే కనుక్కోమనీ. మన దేశంలో కరువు రోజుల్లో పేదలు తిని కాళ్లు పోగొట్టుకునే పప్పది, మెల్‌బోర్న్‌లోనా! అంతటి గురువుగారూ పొరబడ్డారని తెలిసి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

కంపెనీకి రాసిన ఉత్తరానికి మాత్రం జవాబు రాలేదు. రక్త పరీక్ష రిపోర్టు, స్పెషలిస్టు ఒప్పుకోలు, అన్నీ జతచేసి పంపాను. ఫిబ్రవరి చివర్లో ఇతను క్లినిక్‌కు వచ్చాడు. థైరాయిడ్ మందులు పని చేస్తున్నాయి, చెంపలు నిండాయి, చేతుల వణుకు తగ్గింది. కంపెనీ సంగతి అడిగాను.

"తీసేసిండ్రు ఆంటీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ చేస్తానన్నాను, లాయరు దగ్గరకు వెళ్దామన్నాను. ఇన్ని ఋజువులు పెట్టినా ఇంకా నిన్ను నమ్మరా అన్నాను.

"అది కాదు ఆంటీ, వినుండ్రి. ప్రాజెక్టే అయిపోయింది. కంప్యూటర్లకు ఏం కాలేదు గదా, ఇంక మాతోని పనేముంది? ఫ్లోర్ మొత్తం ఖాళీ చేసిండ్రు. మా వోణ్ణి తీసేసిండ్రు, నాది డ్రామా అనుకున్న మేనేజర్‌ను గూడ తీసేసిండ్రు. మీరు రాసిన కవరు ఎవ్వరు తెరవనే లేదు."

ఇంకో సంస్థ వెతుక్కోవాలి, దొరక్కపోతే వెళ్లిపోవాలి. అయినా ఎందుకో ఆ ముఖంలో దిగులు లేదు. కుర్చీలో వెనక్కి ఆనుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"అందరితోపాటే ఆంటీ" అన్నాడు. "నన్ను అందరితోపాటే తీసేసిండ్రు."